అప్పు తీర్చే వరస: రూపాయి వడ్డీ లెక్కతో మొదలుపెట్టి నోటు వెనక్కి తీసుకునేదాకా

అప్పుల్లో ఉన్న ఇంట్లో జీతం పడగానే డబ్బు ఎవరికి ముందు వెళుతుందో గమనించండి. గుమ్మం ముందు నిలబడే డైలీ ఫైనాన్స్ కుర్రాడికి ముందు, నలుగురిలో పరువు తీస్తాడన్న భయంతో నోటు రాయించుకున్న పెద్దమనిషికి ఆ తర్వాత, చప్పుడు చెయ్యని క్రెడిట్ కార్డుకి 'మినిమమ్' చిట్టచివర. గొంతు పెద్దది ఎవరిదైతే వాళ్లకి ముందు. ఇలా కట్టినంతకాలం నెలనెలా వేలకి వేలు పోతాయి కానీ అసలు కదలదు. వరస నిర్ణయించాల్సింది అరుపు కాదు, వడ్డీ. ఆ వరస ఎలా వేసుకోవాలో, ఏ మెట్టు దగ్గర ఎక్కువమంది జారిపోతారో ఇక్కడ చూద్దాం.

మొదటి పని: అప్పులన్నీ ఒకే కాగితం మీదకి

ఒక సాయంత్రం, భార్యాభర్తలిద్దరూ కూర్చుని రాయాలి. ఒక్కరే రాస్తే జాబితా ఎప్పుడూ పూర్తి కాదు. భర్త ఫోన్లో ఉన్న లోన్ యాప్ భార్యకి తెలియదు, భార్య సంఘంలో తీసుకున్నది మొత్తం భర్తకి తెలియదు. తిట్టుకోవడం మరో రోజుకి వాయిదా వెయ్యండి, ఈ రోజు అంకెలు బయటికి రావడమే ముఖ్యం.

బ్యాంకు రుణాలు అందరికీ గుర్తుంటాయి. మర్చిపోయేవి వేరే ఉంటాయి: పాడేసుకున్న చిట్టీలో ఇంకా కట్టాల్సిన వాయిదాలు, కిరాణా కొట్టు ఖాతా, ఎరువుల కొట్టు బాకీ, 'ఇప్పుడు కొను, తర్వాత కట్టు' రకం యాప్‌లు, ఆఫీసులో తీసుకున్న అడ్వాన్సు, స్నేహితుల దగ్గర చేబదుళ్లు. ఇంకొకరి అప్పుకి మీరు షూరిటీ సంతకం పెట్టి ఉంటే అది కూడా కాగితం కింద విడిగా రాసుకోండి. అతను కట్టకపోతే చట్టప్రకారం ఆ బాకీ అంతటికీ మీరూ బాధ్యులే.

ఒక్కో అప్పుకి రాయాల్సినవి: ఎవరికి, ఈ రోజుకి మిగిలిన అసలు, వడ్డీ, నెలకి కడుతున్నది, కిస్తీ తేదీ, వాళ్ల దగ్గర మీరు పెట్టినది. ఈ చివరిదాన్ని ఎవరూ రాయరు, ఇబ్బంది వచ్చేదేమో దానితోనే. ప్రామిసరీ నోటా, ఖాళీ చెక్కా, బంగారమా, పాసుపుస్తకమా, ఏటీఎం కార్డా? ఏటీఎం కార్డు, పిన్ను అప్పిచ్చినవాడి దగ్గర ఉంటే ఈ పని ముగియకముందే బ్యాంకుకి వెళ్లి ఆ కార్డు బ్లాక్ చేయించి కొత్తది తీసుకోండి. కట్టాల్సింది కట్టండి, మీ చేత్తో కట్టండి.

మిగిలిన అసలు ఎంతో జ్ఞాపకం మీద రాయొద్దు. బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీల యాప్‌లో లోన్ స్టేట్‌మెంట్ తీయండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి క్రెడిట్ రిపోర్టు (మీ పేరు మీదున్న లోన్లు, కార్డుల చిట్టా) ఉచితంగా ఇవ్వాలి. అందులో ఎప్పుడో మర్చిపోయిన కార్డు బాకీ, మీరు తీసుకోని లోను ఉన్నా బయటపడతాయి. చేతి అప్పులు మాత్రం అందులో కనిపించవు, వాటికి మీ కాగితమే ఆధారం.

రెండో పని: అన్నిటినీ రూపాయి వడ్డీలోకి మార్చడం

ఒకడు నెలకి నూటికి రెండు రూపాయలంటాడు, బ్యాంకు ఏడాదికి 14 శాతమంటుంది, బండి ఫైనాన్స్ 'ఫ్లాట్ పది' అంటుంది, డైలీ ఫైనాన్స్ రోజుకి వందంటుంది. నాలుగూ నాలుగు కొలతల్లో ఉంటే ఏది ఖరీదో ఎలా తెలుస్తుంది? మనవాళ్లకి అలవాటైన కొలత రూపాయి వడ్డీ, అంటే నూటికి నెలకి ఎంత అని. అన్నిటినీ అందులోకే తెద్దాం.

ఏడాది శాతాన్ని 12తో భాగిస్తే చాలు. 12 శాతం అంటే రూపాయి వడ్డీ. 9 శాతం బంగారం లోను అంటే ముప్పావలా. 14 శాతం పర్సనల్ లోను అంటే రూపాయి పదిహేడు పైసలు. ఒకప్పుడు సంఘాలకి ఇచ్చిన 'పావలా వడ్డీ' ఏడాదికి 3 శాతమే.

ఫ్లాట్ రేటు దగ్గర జాగ్రత్త. లక్ష రూపాయలు, 24 నెలలు, ఫ్లాట్ 10 శాతం అంటే వడ్డీ 20,000, కిస్తీ నెలకి 5,000. వినడానికి రూపాయి వడ్డీ లోపే. కానీ మీరు ప్రతి నెలా అసలు కొంత తిరిగి ఇచ్చేస్తున్నా, వాళ్లు వడ్డీని చివరిదాకా పూర్తి లక్ష మీదే లెక్కేశారు. తగ్గే బాకీ మీద లెక్కిస్తే ఇది ఏడాదికి 18 శాతం, అంటే రూపాయిన్నర. ఫ్లాట్ రేటు ఎవరు చెప్పినా దాన్ని ఇంచుమించు రెట్టింపుగా అనుకుంటే మోసపోరు.

క్రెడిట్ కార్డు నెలకి 3.5 శాతం అంటే మూడున్నర రూపాయలు అనుకుంటాం. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంది, కాబట్టి నాలుగు రూపాయల పదమూడు పైసలు. పాత బాకీ మిగిలి ఉన్న నెలలో కొత్తగా గీకిన దానికి వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే పడుతుంది. కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే ఎప్పుడైనా అంతే, పైగా విడిగా రుసుము.

డైలీ ఫైనాన్స్: పదివేలని రాయించుకుని 8,500 చేతికిచ్చి, రోజుకి వంద చొప్పున వంద రోజులు. 1,500కే కదా అనిపిస్తుంది. కానీ మీ దగ్గర 8,500 ఉండేది మొదటి రోజే, యాభయ్యో రోజుకి సగం తిరిగి వెళ్లిపోయింది. లెక్క తీస్తే దాదాపు పది రూపాయల వడ్డీ.

3,500 చేతికిచ్చి వారంలో 5,000 కట్టమనే లోన్ యాప్ అయితే నూటికి నెలకి 180 రూపాయలు దాటుతుంది. దానికి వడ్డీ అనే పేరు కూడా ఎక్కువే.

ఒక ఇంటి లెక్క

ఊహించిన ఉదాహరణే, కానీ పట్నాల్లో ఇలాంటి ఇళ్లు చాలా ఉంటాయి. ఇంటికి నెలకి 45,000 వస్తుంది. అద్దె, తిండి, స్కూలు, పెట్రోలు అన్నీ కలిపి 24,000. అప్పులు ఇవి:

క్రెడిట్ కార్డు: బాకీ 80,000, వడ్డీ నాలుగు రూపాయల పైచిలుకు, కడుతున్న మినిమమ్ 4,000.
ప్రామిసరీ నోటు: 1,50,000, రెండు రూపాయల వడ్డీ, నెలకి వడ్డీ 3,000, అసలు కదల్లేదు.
డైలీ ఫైనాన్స్: ఇంకా 60 రోజులు, రోజుకి వంద.
పర్సనల్ లోను: 1,80,000, 14 శాతం, ఇంకా 36 నెలలు, ఈఎంఐ 6,152.
బంగారం లోను: 1,20,000, ముప్పావలా, నెలకి 900 వడ్డీ.

కార్డుకి కడుతున్న 4,000లో వడ్డీ, జీఎస్టీ కలిపి 3,304 పోతే అసల్లో తగ్గేది 696. ఇక్కడే చాలా ఇళ్లు ఏళ్ల తరబడి ఆగిపోతాయి. అన్నీ కట్టాక ఈ ఇంట్లో దాదాపు 4,000 మిగలాలి, కానీ ఎటు పోతోందో తెలియకుండా పోతోంది. ముందు దాన్ని పట్టుకోవాలి.

మూడో పని: కారిపోయేది ఆపడం

జీతం పడే ఖాతాకి యూపీఐ తీసెయ్యండి. ఇంకో బ్యాంకులో ఖాతా ఒకటి పెట్టుకుని, ఇంటి ఖర్చుని నాలుగు భాగాలు చేసి ప్రతి సోమవారం ఒక భాగం అందులోకి పంపండి. ఫోన్ దానికే కలపండి. గురువారానికి అయిపోతే గురువారమే తెలుస్తుంది, నెలాఖరున కాదు. ఖర్చులు రాసుకునే పుస్తకాల కంటే ఇది బాగా పనిచేస్తుంది. ఎందుకంటే రాసే ఓపిక అందరికీ మూడో వారానికే సన్నగిల్లుతుంది.

ఈఎంఐ తేదీలన్నీ జీతం పడిన అయిదు రోజుల్లోపు ఉండేలా మార్చమని అడగండి, కొన్ని సంస్థలు మారుస్తాయి. జీతం 1న పడి కిస్తీ 20న ఉంటే ఖాతాలో అప్పటిదాకా డబ్బు నిలవదు. ఆటో డెబిట్ బౌన్స్ అయితే బ్యాంకు ఒకవైపు, అప్పిచ్చిన సంస్థ మరోవైపు రుసుము వేస్తాయి, పైన జీఎస్టీ. 2024 ఏప్రిల్ నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఆలస్యానికి వేసే జరిమానాని అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వెయ్యకూడదు. స్టేట్‌మెంట్‌లో అలా కనిపిస్తే రాతపూర్వకంగా అడగండి.

ఇక అప్పు తీర్చేవాళ్లని మళ్లీ అప్పులోకి తోసేవి: జూన్‌లో స్కూలు ఫీజులు, బండి ఇన్సూరెన్సు, సంక్రాంతికి అల్లుడూ కూతురూ రావడం, శ్రావణంలో నాలుగు పెళ్లిళ్ల చదివింపులు. వీటిని 'అనుకోని ఖర్చు' అంటారు కానీ ప్రతి ఏడూ వస్తూనే ఉన్నాయి. ఏడాదికి మొత్తం వేసి పన్నెండుతో భాగించి, ఆ మొత్తాన్ని ఇంటి ఖర్చులోనే ఒక పద్దుగా ప్రతి నెలా పక్కకి తియ్యాలి. మన ఉదాహరణలో ఆ 24,000లో ఇది కలిసే ఉంది అనుకుందాం.

మరోటి: అప్పు తీర్చడం మొదలుపెట్టే ముందే పది, పదిహేను వేలు చేతిలో ఉండాలి. నాలుగు రూపాయల వడ్డీ కడుతూ బ్యాంకులో డబ్బు ఉంచుకోవడం లెక్క ప్రకారం నష్టమే. అయినా ఉంచుకోండి. అది లేకపోతే పిల్లాడికి జ్వరం వచ్చిన రోజు మళ్లీ డైలీ ఫైనాన్సే దిక్కవుతుంది. పెద్ద జబ్బుకైతే ఆస్పత్రిలో చేరే ముందే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆ ఆస్పత్రి, ఆ చికిత్స ఉన్నాయో లేదో ఆస్పత్రిలో ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్రని అడగండి. డబ్బు కట్టేశాక అడిగితే లాభం తక్కువ.

నాలుగో పని: వరస

ఈ ఇల్లు అప్పులకి నెలకి కట్టగలిగింది 21,000. ఈ అంకె చివరి అప్పు తీరేదాకా మారకూడదు. ఒక అప్పు తీరితే దాని కిస్తీ ఇంటి ఖర్చులోకి కాదు, తర్వాతి అప్పు మీదకి వెళ్లాలి. కిటుకంతా ఇందులోనే ఉంది.

వరస వడ్డీని బట్టి. అలాగైతే పది రూపాయల డైలీ ఫైనాన్స్ ముందు కదా అనిపిస్తుంది. కాదు. అందులో వడ్డీ మొదటిరోజే కోసేశారు. ఈ రోజు మిగతా 6,000 ఒకేసారి కట్టినా మీకు పైసా తగ్గదు. తగ్గిస్తానని వాడు ముందే ఒప్పుకుంటే తప్ప తొందరపడొద్దు, రోజుకి వంద అలాగే నడవనివ్వండి. చెయ్యాల్సింది ఒక్కటే: అరవయ్యో రోజున 'కొత్తది తీసుకుంటారా అన్నా' అని అడిగినప్పుడు వద్దనడం. డైలీ ఫైనాన్స్ బతికేది ఆ ప్రశ్న మీదే.

కాబట్టి మొదటి గురి కార్డు. నోటు వడ్డీ 3,000, బంగారం వడ్డీ 900, డైలీ 3,000, ఈఎంఐ 6,152 పోగా కార్డుకి 7,948 మిగులుతుంది. మొదటి రెండు నెలలు అలా కట్టాక డైలీ ఫైనాన్స్ అయిపోతుంది, మూడో నెల నుంచి కార్డుకి 10,948. కార్డు కొత్తగా గీకకపోతే పదో నెలలో బాకీ సున్నా. ఆ నెల మిగిలిన సుమారు 3,900 వెంటనే నోటు అసల్లోకి. పదకొండో నెల నుంచి నోటుకి వడ్డీ, అసలు కలిపి 13,948 కడితే ఇంకో పన్నెండు నెలల్లో లక్షన్నర తీరుతుంది. ఏళ్ల తరబడి 3,000 వడ్డీ కడుతూ కదలని నోటది.

ఆ తర్వాత బంగారమా, పర్సనల్ లోనా? వడ్డీ ప్రకారం పర్సనల్ లోను ముందు. కానీ వడ్డీ మారని పర్సనల్ లోన్లకి ముందే కడితే చాలాచోట్ల ఫోర్‌క్లోజర్ ఛార్జీ, దాని మీద జీఎస్టీ ఉంటాయి. అవి పోగా తేడా స్వల్పమే. బంగారం ఇంటికి తెచ్చుకోవడమే మేలు, మళ్లీ ఏదైనా ఆపద వస్తే మూడు రూపాయల వడ్డీకి పోకుండా అదే కాపాడుతుంది. ఈ లెక్కన మూడేళ్లు నిండకముందే ఇల్లు తేలికపడుతుంది.

వరస తప్పించాల్సిన సందర్భాలు రెండు మూడు ఉన్నాయి. వేలం నోటీసు వచ్చిన బంగారం ముందుకి రావాలి, కనీసం వడ్డీ కట్టి గడువు తిరగరాయించుకోవాలి. ఒకే నెలలో తీరిపోయే చిన్న చేబదులు ఉంటే తీర్చేయండి, జాబితాలో ఒక గీత కొట్టడం ఊపునిస్తుంది. మీకోసం షూరిటీ పెట్టినవాళ్ల జీతం మీదకి వచ్చే అప్పునీ వెనక్కి నెట్టకూడదు.

అప్పుని అప్పుతో మార్చడం

ఇది మంచి పనిముట్టే, కానీ చెయ్యి తెగేది కూడా దీనితోనే. నాలుగు రూపాయల కార్డుని ముప్పావలా బంగారం లోనుతో తీర్చడం లెక్క ప్రకారం ఎంత బాగున్నా, ఆరునెలలకి బంగారం తాకట్టులో ఉండి కార్డు మళ్లీ నిండి ఉండటం చాలా మామూలు. అందుకని మార్చేవాళ్లకి మూడు షరతులు. వడ్డీ తేడా కనీసం నూటికి అర్ధరూపాయి ఉండాలి, అంతకంటే తక్కువైతే ప్రాసెసింగ్ ఫీజులోనే పోతుంది. కొత్త డబ్బు చేతికి వచ్చిన రోజే పాత అప్పు ఖాతాలోకి వెళ్లాలి, ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. తీర్చిన కార్డుని అదే వారం మూసెయ్యాలి. బాకీ లేని కార్డు మూసెయ్యమని అడిగితే ఏడు పనిదినాల్లో మూసెయ్యాలి, లేకపోతే రోజుకి 500 చొప్పున మీకు బ్యాంకు ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన.

ఎక్కడి నుంచి తేవాలి? ఇంట్లో ఆడవాళ్లు డ్వాక్రా సంఘంలో ఉంటే ముందు సంఘం ద్వారా బ్యాంకు ఇచ్చే లింకేజీ రుణం, స్త్రీనిధి రుణాల గురించి అడగండి, రూపాయి వడ్డీకి అటూఇటూ దొరికేది అక్కడే. తర్వాత ప్రభుత్వ బ్యాంకులో బంగారం లోను. ఫైనాన్స్ కంపెనీలో అరగంటలో ఇస్తారు కానీ 'కిస్తీ తప్పితే' వడ్డీ ఎంతకి పెరుగుతుందో కాగితంలో చదవండి. చిట్టీ ఉంటే పాడి రెండు రూపాయల నోటు తీర్చొచ్చా అంటే, పాటలో వదులుకునే మొత్తాన్ని బట్టి ఉంటుంది. లక్ష చిట్టీని మొదటి నెలల్లోనే 30 వేలు నష్టానికి పాడి రెండు రూపాయల అప్పు తీర్చడం దాదాపు ఎప్పుడూ గిట్టదు. చివరి మూడోవంతులో పాట తగ్గాక ఆలోచించండి.

వాడని బంగారం అమ్మేయడం గురించి ఇళ్లలో మాట్లాడటమే కష్టం. కానీ బీరువాలో పడి ఉన్న గాజుల జత అమ్మి కార్డు బాకీ తీర్చడం, అవే గాజులు తాకట్టు పెట్టి ఏటేటా వడ్డీ కట్టి చివరికి వేలంలో పోగొట్టుకోవడం కంటే నయం.

నోటు రాయించుకున్నవారితో మాట్లాడటం

చేతి అప్పులో వడ్డీ మాత్రమే తీసుకుంటూ అసలు ఒకేసారి ఇవ్వమనే పద్ధతి ఉంది. అది ఇచ్చినవాళ్లకే లాభం. మార్చమని అడగడానికి సిగ్గుపడొద్దు, మీరు అడుగుతున్నది అప్పు ఎగ్గొట్టడానికి కాదు కదా. ఇలా చెప్పొచ్చు: "బాబాయ్, ఇన్నాళ్లూ వడ్డీయే కడుతూ వచ్చాను. వచ్చే నెల నుంచి వడ్డీతోపాటు అసల్లో పదివేలు జమ చేస్తాను. జమ చేసిన రోజే నోటు వెనక చెల్లు రాసుకుందాం, అక్కణ్నుంచి మిగిలిన అసలు మీదే వడ్డీ." ఎక్కువమంది ఒప్పుకుంటారు. అసలు రాదేమోనన్న భయం వాళ్లకీ ఉంటుంది.

చెల్లు అంటే నోటు వెనక తేదీ, కట్టిన మొత్తం, అది వడ్డీకా అసలుకా, సంతకాలు. డబ్బు యూపీఐ ద్వారానో బ్యాంకు ద్వారానో పంపి, ఫలానా నోటు అసలుకి అని మెసేజ్ పెట్టండి. నగదు ఇస్తే చెల్లు ఫొటో తీసుకోండి. ప్రామిసరీ నోటు మీద కోర్టుకి వెళ్లడానికి గడువు మామూలుగా మూడేళ్లు. గడువు లోపు సంతకంతో చెల్లు పడితే ఆ తేదీ నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. అందుకే వాళ్లూ చెల్లు కోరుకుంటారు. మీకూ అదే రుజువు.

ఖాళీ నోటు, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టొద్దు. ఇప్పటికే ఇచ్చి ఉంటే, చెక్కు నంబరుతో సహా దేనికి ఇచ్చారో రాసి ఒక కాగితం మీద వాళ్ల సంతకం తీసుకోండి. చెక్కు బౌన్స్ కేసులో రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడొచ్చు. లాయర్ నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కడితే కేసు ఉండదు. కట్టలేకపోతే ఆ లోపే జవాబివ్వాలి. పోస్టులో వచ్చిన నోటీసు తీసుకోకుండా తిప్పి పంపేస్తే ఆపద తప్పుతుందనుకోవడం పెద్ద పొరపాటు.

పంట మీద ఆధారపడిన ఇళ్లు

నెలవారీ లెక్క వీళ్లకి పనికిరాదు. పంట డబ్బు చేతికొచ్చిన వారమే వీళ్ల ఒకటో తారీఖు. ఆ వారంలో వరస వేసుకోవాలి.

కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా పంట రుణానికి 7 శాతం, గడువులోపు కడితే రాయితీ పోగా 4 శాతం. అంటే నూటికి నెలకి 33 పైసలు. ఇంత చవకైన డబ్బు దొరకడం అరుదు. దాని గడువు తప్పనివ్వకండి. అయితే గడువు రోజున కట్టి మర్నాడు తిరగరాయించుకోవడానికి రెండు మూడు రోజులకని పెద్ద వడ్డీకి చేబదులు తెస్తుంటారు. బ్యాంకులో కొత్త రుణం మంజూరు ఆలస్యమైతే ఆ రెండు రోజులు ఇరవై రోజులవుతాయి. కట్టే ముందే మేనేజరుని కలిసి, కాగితాలన్నీ ఇచ్చి, ఏ రోజు మళ్లీ జమవుతుందో అడిగి తెలుసుకోండి.

ఎరువుల కొట్టులో అరువు ధర, నగదు ధర రెండూ అడగండి. 1,000 వస్తువుని పంట తర్వాత 1,150కి రాసుకుంటే, అయిదు నెలలకి అది మూడు రూపాయల వడ్డీ. పంట ఆ కొట్టుకే లేదా ఆ కమిషన్ ఏజెంటుకే అమ్మాలన్న కట్టుబాటు ఉంటే, క్వింటాలుకి తగ్గించే ధర కూడా వడ్డీలోకే కలపండి, అప్పుడు అసలు రంగు తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతులు సీసీఆర్‌సీ కార్డు (పంట సాగు హక్కు పత్రం) తీసుకుంటే బ్యాంకు రుణం అడగడానికి ఒక ఆధారమైనా ఉంటుంది.

బెదిరింపులు వస్తే

బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీ, కార్డు వసూళ్ల మనుషులు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు. మైక్రోఫైనాన్స్ వాళ్లయితే ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత రాకూడదు. బంధువులకి, పక్కింటివాళ్లకి ఫోన్లు చేసి పరువు తియ్యకూడదు. చేస్తే తేదీ, సమయం, నంబరు రాసుకుని ముందు ఆ సంస్థకే ఫిర్యాదు చెయ్యండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు చెయ్యొచ్చు, వివరాలకి 14448.

లోన్ యాప్ మీ ఫోన్లోని నంబర్లు, ఫొటోలు తీసుకోకూడదు. డబ్బు నేరుగా మీ బ్యాంకు ఖాతాలోనే వెయ్యాలి, ముందే అసలు వడ్డీ రేటుతో వివరాల పత్రం ఇవ్వాలి. ఇవేవీ లేనిది దొంగ యాప్ అనుకోవచ్చు. మార్చిన ఫొటోలు పంపి బెదిరిస్తే 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఇవ్వండి, స్క్రీన్‌షాట్లు చెరిపెయ్యొద్దు. భయంతో ఇంకో యాప్‌లో తీసి దీనికి కట్టొద్దు. కాల్ మనీ అనే అధిక వడ్డీ అప్పుల దందాలో 2015లో విజయవాడలో బయటపడిన అకృత్యాల తర్వాత పోలీసులకి ఇలాంటి వసూళ్లు కొత్త కాదు. ప్రైవేటు వడ్డీ వ్యాపారి ఇంటికొచ్చి దౌర్జన్యం చేస్తే స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వడానికి వెనకాడొద్దు. న్యాయ సలహాకి న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా లాయరు ఉచితం. లోక్ అదాలత్‌లో కూర్చుని వాయిదాలు కుదుర్చుకోవడం కూడా వాళ్లే చూస్తారు.

నిద్రపట్టక, బతకడమే వద్దనిపించే స్థితి ఇంట్లో ఎవరికి కనిపించినా లెక్కలు పక్కన పెట్టి 14416కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా.

'ఈఎంఐలు ఆపెయ్యండి, మేం సగానికి సెటిల్ చేయిస్తాం' అనే ఏజెన్సీలకి ఫీజు కట్టొద్దు. సెటిల్‌మెంట్ కావాలంటే బ్యాంకుని మీరే అడగొచ్చు. ఎంత కడితే మొత్తం తీరినట్టో బ్యాంకు లెటర్‌హెడ్ మీద వచ్చాకే కట్టండి. అలా తీర్చింది క్రెడిట్ రిపోర్టులో 'క్లోజ్డ్' అని కాక 'సెటిల్డ్' అని పడుతుంది, తర్వాత ఏళ్ల తరబడి లోను దొరకడం కష్టమవుతుంది. వేరే దారి లేనప్పుడే అటు వెళ్లండి.

తీరిన రోజు చెయ్యాల్సినవి

డబ్బు కట్టగానే పని అయిపోలేదు. చేతి అప్పుకి అసలు నోటే వెనక్కి తీసుకోండి, జిరాక్స్ కాదు. 'నోటు ఎక్కడో పెట్టాను, దొరికాక ఇస్తాను' అంటే, ఫలానా తేదీ నోటు బాకీ పూర్తిగా ముట్టింది, నోటు దొరికినా చెల్లదు అని రాయించి సాక్షి సంతకంతో తీసుకోండి. ఆ కాగితం లేకుండా చివరి వాయిదా చేతిలో పెట్టొద్దు. ఖాళీ చెక్కులు తిరిగి రాకపోతే బ్యాంకులో వాటి నంబర్లకి స్టాప్ పేమెంట్ (ఆ చెక్కులకి డబ్బు ఇవ్వొద్దని) పెట్టించి ఉత్తరం నకలు దాచుకోండి. అదొక్కటే పూర్తి రక్షణ కాదు, బాకీ తీరిన రుజువు కూడా పక్కన ఉండాలి.

బ్యాంకు లోనుకి బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్ అడగండి, ఆటో డెబిట్ ఆగిందో లేదో తర్వాతి నెల చూడండి. ఇంటి కాగితాలు పెట్టి ఉంటే బాకీ తీరిన 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున పరిహారం. బండి లోనైతే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35 తీసుకుని ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు తీయించండి, ఎన్‌ఓసీ పాతబడితే మళ్లీ తిరగాల్సి వస్తుంది. బంగారం విడిపించినప్పుడు కౌంటరు దగ్గరే, తాకట్టు రసీదులో రాసిన తూకంతో సరిచూసుకుని అప్పుడు సంతకం పెట్టండి. రెండు నెలలాగి క్రెడిట్ రిపోర్టు తీయండి. తీరిన లోను ఇంకా బాకీగానే ఉంటే అక్కడే డిస్ప్యూట్ పెట్టండి. 30 రోజుల్లో సరిచెయ్యకపోతే ఆపైన రోజుకి వంద చొప్పున పరిహారం మీకు రావాలి.